బెంగుళూరు నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎంత దూరం, ఎన్ని గంటలు: ఒక దూర గణన సైటు మీద సమీక్ష

గత సెప్టెంబరులో మా చెల్లెలి కాన్పుకు అమ్మను అమెరికా పంపాలని ఖాయమైన రోజు రాత్రి, భోజనాల దగ్గర అమ్మ అడిగిన మొదటి ప్రశ్న టికెట్టు ధర గురించి కాదు. "అమెరికా ఎంత దూరమప్పా? మన అనంతపురం పోయినట్లు ఎన్నిసార్లు పోవల్ల?" అని అడిగింది. మారతహళ్లిలో ఉన్న మా ఇంటి నుండి అనంతపురం దాదాపు 215 కిలోమీటర్లు. ఆమె ఎరిగిన దూరాలన్నింటికీ అదే కొలబద్ద. జవాబు చెప్పడానికి ఫోనులో వెతికితే, రెండు ఊళ్ళ పేర్లు ఇస్తే వాటి మధ్య విమాన దూరమూ, ప్రయాణ కాలమూ లెక్క కట్టి చూపే ఉచిత సైటు ఒకటి ముందుగా వచ్చింది. ఆ తరువాత ఆరు నెలలపాటు, అమ్మ వెళ్ళి తిరిగి వచ్చేదాకా, నేను దానిని పదే పదే వాడవలసి వచ్చింది. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ఇటువంటి సైట్లు అరడజనుకు పైగా ఉన్నాయి, నేను పోల్చి చూసిన మూడింటి లోపలి లెక్క ఒక్కటే, కాబట్టి ఒకదాని గురించి చెప్పినది చాలావరకు మిగిలిన వాటికీ వర్తిస్తుంది.

ముందుగా దూరం సంగతి. బెంగుళూరు, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయాల పేర్లు ఇవ్వగానే ఆ సైటు 13,990 కిలోమీటర్ల దరిదాపుల్లో అంకె చూపింది. అక్షాంశ రేఖాంశాలు తీసుకుని చేతితో లెక్క కట్టినా అంతే వస్తుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు నగరాల మధ్య నేరు విమానం మొదలుపెట్టినప్పుడు ప్రకటించిన దూరం కూడా 13,993 కిలోమీటర్లే. ఇలాంటి లెక్కల్లో కొద్ది కిలోమీటర్ల తేడా రావడానికి ఒక కారణం, భూమి కచ్చితమైన గోళం కాకపోవడం. భూమధ్య రేఖ దగ్గర దాని వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357 కిలోమీటర్లు. సులువైన సూత్రం భూమిని గుండ్రటి బంతిగా భావిస్తుంది, కచ్చితమైన సూత్రం ధ్రువాల దగ్గర నొక్కుకుపోయిన ఆకారాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. ప్రయాణికుడికి ఈ తేడా అవసరం లేదు. మా అమ్మకు మాత్రం "అనంతపురం అరవై అయిదు సార్లు" అని జవాబు చెప్పగలిగాను. పాత లెక్కలో ఆమడంటే దాదాపు ఎనిమిది మైళ్ళు కనుక, కథల్లో రాకుమారుడు దాటే దూరాల భాషలో ఇది వెయ్యీ ఎనభై ఆమడల పైచిలుకు అవుతుంది.

ఈ సైటులో నాకు అన్నిటికంటె నచ్చినది అది గీసి చూపించే దారి. గోడ మీది ప్రపంచ పటం చూసి పెరిగినవారికి బెంగుళూరు నుండి కాలిఫోర్నియాకు తూర్పుగా పసిఫిక్ మీదుగానో, పడమరగా ఐరోపా, అట్లాంటిక్ మీదుగానో అడ్డంగా గీత గీయాలనిపిస్తుంది. ఆ పటాలు చాలావరకు 1569లో మెర్కేటర్ అనే పటకర్త వేసిన పద్ధతిని అనుసరించినవి. ధ్రువాల వైపు పోయేకొద్దీ భూమిని సాగదీసి చూపుతాయి కనుక, గోళం మీద దగ్గరి దారి అందులో పెద్ద వంపులా కనిపిస్తుంది. ఈ సైటు గీసిన గీత బెంగుళూరు నుండి ఉత్తర ఈశాన్యంగా బయలుదేరి, నేపాల్ దగ్గర హిమాలయాలు దాటి, టిబెట్, షింజియాంగ్, మంగోలియా పశ్చిమ భాగం మీదుగా సైబీరియాలోకి వెళ్ళి, సుమారు 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, ఉత్తర ధ్రువ సముద్రపు అంచును తాకి, అలాస్కా మీదుగా కిందికి దిగి శాన్‌ఫ్రాన్సిస్కో చేరుతుంది. ఒక దారం తీసుకుని గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య బిగించి పట్టుకుంటే సరిగ్గా ఇదే దారి వస్తుంది. మా అబ్బాయి చేత ఆ పని చేయించాను; పాఠంలో చదివిన దానికంటె వాడికి అదే బాగా పట్టుబడింది.

అయితే ఆ గీత మీద విమానాలు నిజంగా ఎగురుతాయని ఈ సైటు పాఠకుడికి ఒక భ్రమ కలిగిస్తుంది, అక్కడ నా మొదటి అభ్యంతరం. టిబెట్ పీఠభూమి సగటున 4,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. విమానం లోపలి గాలి ఒత్తిడి పడిపోతే పైలట్లు సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు వెంటనే దిగాలి, ఆ పీఠభూమి మీద అది సాధ్యం కాదు, కాబట్టి విమానయాన సంస్థలు వీలైనంతవరకు ఆ ప్రాంతాన్ని తప్పించుకుని పోతాయి. గాలులు, దేశాల అనుమతులు మరొక చిక్కు. 2022లో రష్యా తన గగనతలాన్ని అమెరికా, ఐరోపా సంస్థలకు మూసివేసింది, మన సంస్థలకు మూయలేదు. అంటే ఒకే రెండు ఊళ్ళ మధ్య, విమానం ఏ దేశానిదో చూసి దారి మారుతుంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు గగనతలం మూసినప్పుడు ఢిల్లీ నుండి పడమరకు పోయే ప్రయాణాలు చుట్టు తిరిగి పొడవయ్యాయి. సైటు అంకె మాత్రం మారలేదు, మారదు కూడా, ఎందుకంటే అది భూగోళాన్ని కొలుస్తుందే గానీ ఆకాశాన్ని కొలవదు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బెంగుళూరుకు వచ్చిన ఆ తొలి నేరు విమానాన్ని నడిపిన పైలట్లందరూ మహిళలే, కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో వారు ఉత్తర ధ్రువం మీదుగా వచ్చారు. ధ్రువం మీదుగా రావడమంటే అదే దగ్గరి దారి కాబోలని అప్పట్లో నేను అనుకున్నాను. లెక్క కడితే అది నిజం కాదు. బెంగుళూరు నుండి ధ్రువానికి, ధ్రువం నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు కలిపితే 14,360 కిలోమీటర్లు అవుతుంది, అంటే దగ్గరి దారి కంటె దాదాపు 370 కిలోమీటర్లు ఎక్కువ. పద్నాలుగు వేల కిలోమీటర్ల ప్రయాణంలో ఆ పెంపు అరగంటకు మించదు, పడమర నుండి వీచే బలమైన ఎదురుగాలిని తప్పించుకుంటే అంతకంటె ఎక్కువే కలిసి వస్తుంది. ఈ సైటులో రెండు చోట్ల మధ్య మూడో బిందువు కూడా ఇచ్చే వీలుంది కనుకనే ఈ సంగతి నాకు తెలిసింది, అందుకు దానికి కృతజ్ఞుడిని.

ఆ మూడో బిందువు సౌకర్యమే టికెట్టు ఎంచుకోవడంలో నాకు నిజంగా పనికి వచ్చింది. ఎక్కడో ఒకచోట మారే ప్రయాణమే మాకు అందుబాటులో ఉంది, కాబట్టి ఏ ఊళ్ళో మారితే చుట్టు తక్కువో చూశాను. టోక్యో నరీతా మీదుగా అయితే 6,700, 8,230 కిలోమీటర్ల రెండు అంచెలు కలిపి 14,930 వరకు వచ్చింది. దుబాయ్ మీదుగా 15,720, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 16,550, సింగపూర్ మీదుగా 16,760. ఫ్రాంక్‌ఫర్ట్ పడమర, సింగపూర్ తూర్పు; పటం మీద చూస్తే ఒకదానికీ మరొకదానికీ పొంతన లేదు, కానీ చుట్టు మాత్రం ఇంచుమించు సమానం. దుబాయ్ సంగతి ఇంకా విచిత్రం. దాని రేఖాంశం 55 డిగ్రీల తూర్పు, శాన్‌ఫ్రాన్సిస్కోది 122 డిగ్రీల పడమర, రెండూ దాదాపు భూగోళానికి ఎదురెదురు వైపులు. అందువల్ల అక్కడి నుండి దగ్గరి దారి ధ్రువానికి చాలా సమీపంగా పోతుంది, పడమరకు వెళ్ళి తూర్పుకు వచ్చినట్లు కాకుండా నేరుగా ఉత్తరానికి ఎక్కి దక్షిణానికి దిగినట్లు ఉంటుంది. మా పక్కింటివారు "దుబాయ్ వెనక్కి పోవడమే కదా, టైము వృథా" అన్నప్పుడు ఈ గీత చూపించాను. నమ్మినట్లు తల ఊపారు, నమ్మలేదు.

ఇక కాలం సంగతి. ఈ సేవలో అసలు లోపం ఇక్కడే ఉంది, కనుక దీని గురించి కొంచెం విస్తరించి రాస్తాను.

సైటు అడుగున సన్నటి అక్షరాలలో తన లెక్క పద్ధతి చెప్పుకుంది: విమానం గంటకు 500 మైళ్ళు, అంటే 805 కిలోమీటర్ల సగటు వేగంతో పోతుందనుకుని, ఎక్కడానికీ దిగడానికీ మరో అరగంట కలుపుతుంది. ఆ ప్రకారం బెంగుళూరు నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు 17 గంటల 53 నిమిషాలు. శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బెంగుళూరుకు కూడా 17 గంటల 53 నిమిషాలే. దూరం రెండువైపులా ఒకటే కాబట్టి భాగాహారంలో జవాబూ ఒకటే వస్తుంది. ఆకాశంలో అలా జరగదు. మధ్య అక్షాంశాలలో, విమానాలు ఎగిరే 9 నుండి 12 కిలోమీటర్ల ఎత్తులో, పడమర నుండి తూర్పుకు జెట్ ప్రవాహమనే బలమైన గాలి వీస్తూ ఉంటుంది. చలికాలంలో ఉత్తర పసిఫిక్ మీద దాని ఉధృతి ఎక్కువ. విమానం తన చుట్టూ ఉన్న గాలిలో గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఆ గాలి వెనుక నుండి తోస్తే నేల మీద వేగం వెయ్యి దాటుతుంది, ఎదురు నిలిస్తే ఏడెనిమిది వందలకు పడిపోతుంది.

మా అమ్మ ప్రయాణమే దీనికి లెక్క. టోక్యో మీదుగా రెండు అంచెలకూ ఈ సైటు చెప్పిన కాలం 8 గంటల 49 నిమిషాలు, 10 గంటల 43 నిమిషాలు, కలిపి 19 గంటల 32 నిమిషాలు. నవంబరులో ఆమె తూర్పుగా వెళ్ళినప్పుడు టికెట్టు మీదున్న కాలం 8 గంటలు, 9 గంటల 25 నిమిషాలు, మొత్తం 17 గంటల 25 నిమిషాలు. మార్చిలో తిరిగి పడమరగా వచ్చినప్పుడు 11 గంటలు, 9 గంటల 45 నిమిషాలు, మొత్తం 20 గంటల 45 నిమిషాలు. అవే ఊళ్ళు, అదే దూరం, రాకపోకల మధ్య మూడు గంటల ఇరవై నిమిషాల తేడా. సైటు చెప్పిన అంకె పోయేటప్పుడు రెండు గంటలు ఎక్కువ, వచ్చేటప్పుడు గంటకు పైగా తక్కువ. రెంటి సగటుకు అది దగ్గరగానే ఉందని దాని తరఫున వాదించవచ్చు, కానీ ఏ ప్రయాణికుడూ సగటు విమానం ఎక్కడు. "తూర్పు వైపు కొంత తక్కువ, పడమర వైపు కొంత ఎక్కువ పట్టవచ్చు" అని ఒక్క వాక్యం జోడించడానికి వారికి ఏమంత శ్రమ అవుతుందో నాకు అర్థం కాలేదు.

కాలం లెక్కలో మరో లోపం మాత్రల విషయంలో నాకు పట్టుబడింది. అమ్మకు రక్తపోటుకూ చక్కెరకూ రోజూ వేళ తప్పకుండా వేసుకోవలసిన మందులున్నాయి. మా డాక్టరుగారు "గడియారం చూడకండి, ఇల్లు వదిలింది మొదలు ఎన్ని గంటలు గడిచాయో చూసి చెబుతాను, మొత్తం ప్రయాణం ఎన్ని గంటలు?" అని అడిగితే, నేను ఆ సైటు చూపిన 17 గంటల 53 నిమిషాలు చెప్పి వచ్చాను. ఇంటికి వచ్చి కాగితం మీద వేసి చూస్తే తప్పు తెలిసింది. దేవనహళ్లిలోని విమానాశ్రయానికి మారతహళ్లి నుండి దాదాపు నలభై కిలోమీటర్లు, హెబ్బాళ దగ్గర ట్రాఫిక్కులో ఇరుక్కుంటే రెండు గంటల దారి. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు చేరాలి. మంగళవారం రాత్రి తొమ్మిదికి ఇల్లు వదిలిన అమ్మ ఫ్రీమాంట్‌లో చెల్లెలి గుమ్మం తొక్కేసరికి మన గడియారంలో గురువారం తెల్లవారుజామున రెండున్నర అయింది. ఇరవై తొమ్మిదిన్నర గంటలు. అందులో గాలిలో గడిపినవి పదిహేడున్నర, మిగిలిన పన్నెండు గంటలు రోడ్డు మీదా, వరుసల్లోనూ, టోక్యోలో కుర్చీలోనూ గడిచాయి. డాక్టరుగారిని మళ్ళీ కలిసి ఈ లెక్క ఇచ్చాక ఆయన మాత్రల వేళలు మార్చి రాశారు.

దగ్గరి ఊళ్ళకు ఈ లోపం ఇంకా నవ్వు తెప్పిస్తుంది. బెంగుళూరు నుండి హైదరాబాదుకు గాలిలో సుమారు 455 కిలోమీటర్లు, సైటు లెక్కలో గంటా నాలుగు నిమిషాలు. ఇంటి నుండి దేవనహళ్లికి, శంషాబాదు నుండి కూకట్‌పల్లికి పట్టే కాలం కలిపితే ఐదారు గంటలు. యశ్వంతపుర నుండి కాచిగూడకు 2023 సెప్టెంబరులో మొదలైన వందే భారత్ రైలు దాదాపు ఎనిమిదిన్నర గంటల్లో దింపుతుంది. విమానం నయమే, కానీ సైటు చూపినంత నయం కాదు.

కాల మండలాల విషయంలో కూడా జాగ్రత్తపడాలి. చేరే చోట స్థానిక సమయం ఎంత అవుతుందో చూపే సౌకర్యం ఈ సైటులో ఉంది, అది చాలా మంచి ఆలోచన. కానీ అది ప్రయాణం రోజు తేడాను కాక, మనం చూస్తున్న రోజు తేడాను తీసుకుంటుంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. మనకూ కాలిఫోర్నియాకూ తేడా వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర. సెప్టెంబరులో చూసిన నాకు సైటు పన్నెండున్నర ప్రకారం, అమ్మ విమానం దిగేది ఉదయం పదకొండున్నరకని చూపింది. నవంబరు మధ్యలో ఆమె నిజంగా దిగింది పదిన్నరకు. చెల్లెలి భర్త సైటును కాక టికెట్టును నమ్మాడు కాబట్టి, ఆంగ్లం రాని మనిషి కొత్త ఊళ్ళో గంటసేపు బిక్కుబిక్కుమంటూ కూర్చునే ప్రమాదం తప్పింది. విమాన టికెట్ల మీద ఎప్పుడూ ఆయా ఊళ్ళ స్థానిక సమయమే ఉంటుంది. సందేహం వస్తే దానినే నమ్మాలి. అమ్మకు మాత్రం ఇదంతా మాయలా తోచింది: బుధవారం తెల్లవారుజామున రెండున్నరకు బెంగుళూరులో ఎగిరిన విమానం అదే బుధవారం పొద్దున పదిన్నరకు దించింది, మధ్యలో దినరేఖ దాటినందువల్ల క్యాలెండరు ప్రకారం ఎనిమిది గంటలే. వచ్చేటప్పుడు ఆ లెక్క తిరగబడి, ఒక రోజు ఎక్కడో పోయింది. "వడ్డీతో సహా వసూలు చేసుకున్నారు" అంది.

చిన్న చిన్న లోపాలు మరికొన్ని ఉన్నాయి. ఊరి పేరు కొట్టేటప్పుడు దేశం కూడా చూసుకోకపోతే చిక్కే. హైదరాబాద్ అని కొడితే ఒకసారి సింధ్‌లోని హైదరాబాదును ఎంచుకుని 1,600 కిలోమీటర్లకు పైగా చూపింది. శాన్ హోసే అంటే కాలిఫోర్నియాది వదిలి కోస్టారికా రాజధానికి పోయింది. మైళ్ళు అని రాసిన చోట మామూలు మైలో, విమానాలు వాడే 1,852 మీటర్ల నాటికల్ మైలో చెప్పదు. మన దూరాన్ని మొదటి లెక్కలో 8,690 అనీ, రెండో లెక్కలో 7,550 అనీ చూడవలసి వస్తుంది. ఊరినీ విమానాశ్రయాన్నీ ఒకటిగా చూస్తుంది, బెంగుళూరు విషయంలో అది గాలిలో కొలిచినా దాదాపు ఇరవై ఎనిమిది కిలోమీటర్ల తేడా. తెలుగు లేదు, కన్నడమూ లేదు. ప్రకటనలు మితిమీరినవేమీ కావు, కానీ "నేరు విమానం" అన్న శీర్షిక కింద కాలం చూపించడం మాత్రం తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే అది ఆ రెండు ఊళ్ళ మధ్య నేరు విమానం ఉందో లేదో చూడకుండానే లెక్క కడుతుంది. అనంతపురం నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు కూడా నాకు నేరు విమాన సమయం చూపించింది. అమ్మకు చెబితే, "అయితే ఇంటి ముందే ఎక్కుదును కదా" అని నవ్వింది.

దూరానికి ఐదులో నాలుగున్నర, దారి గీసి చూపినందుకు ఐదుకు ఐదు, కాలానికి రెండు ఇస్తాను. చెల్లెలు ఈ ఏడాది చివర్లో పసిబిడ్డతో ఇక్కడికి వస్తానంటోంది. ఈసారి దారి కోసం ఆ సైటే తెరుస్తాను, వేళల కోసం మాత్రం టికెట్టు కాగితం పక్కన పెట్టుకుని, పడమర ప్రయాణం కనుక ముందే మూడు గంటలు కలుపుకుని, హెబ్బాళ కోసం ఇంకో గంట వేసుకుని పెన్సిలుతో లెక్క వేస్తాను.